గోడకు ఆవల చదువు: ఆరుబయలు విద్యపై ప్రభుత్వ విధానాల చరిత్ర

వ్యాససంగ్రహం:

తరగతి గది వెలుపల సాగే చదువును, ఆటను, విహారాన్ని ప్రభుత్వాలు ఏ మాటలతో చట్టంలోకి తెచ్చాయి, ఆ మాటలు ఎవరికి దారి ఇచ్చాయి, ఎవరిని నిలువరించాయి అన్నది ఈ వ్యాస విషయం. మద్రాసు రాజధానిలో 1822లో మొదలైన విద్యా సర్వే నుంచి 2023 నాటి సుప్రీంకోర్టు తీర్పు వరకు తెలుగు ప్రాంతాలకు సంబంధించిన ముఖ్య ఘట్టాలను ఇది పరిశీలిస్తుంది. ఆరుబయటిని చట్టం ఒకచోట స్థలంగా, మరొకచోట అనుమతిగా, ఇంకొకచోట ప్రమాదంగా చూసిందనీ, బోధనలో భాగంగా చూసిన సందర్భాలు తక్కువనీ ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలకపదాలు: ఆరుబయలు విద్య, వీధిబడి, ఆటస్థలం, విద్యాహక్కు చట్టం, వన్యప్రాణి సంరక్షణ చట్టం, విద్యా విహారయాత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి జీవనంలో ఆరుబయటికి చిరకాలంగా చోటుంది. కార్తికంలో వనభోజనాలు, ఏరువాక పున్నమి, వీధి మధ్యన బిళ్ళంగోడు లేదా చిర్రగోనె, చెరువులో ఈత - వీటికి ఆచారమే నియమం, పెద్దల కంటిచూపే పర్యవేక్షణ. బడి ప్రభుత్వ వ్యవస్థగా మారిన తరువాత ఈ స్థితి మారింది. పిల్లవాడు గడప దాటితే ఎవరు బాధ్యులు, దాటడానికి ఎంత చోటు ఉండాలి, ఎవరి అనుమతి కావాలి అన్నవి పరిపాలనా ప్రశ్నలయ్యాయి. విద్యా చరిత్రలు పాఠ్యాంశాలను, బోధనా మాధ్యమాన్ని విస్తారంగా చర్చించాయి. బడి గోడకు ఆవలి భాగాన్ని శాసించిన నిబంధనలను మాత్రం ఒక వరుసలో పెట్టి చూడడం అరుదు. ఆ వరుసను కూర్చడమే ఈ వ్యాస ప్రయత్నం.

2. అరుగు, ఇసుక, కసరత్తు:

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్ల నుంచి దేశీయ పాఠశాలల వివరాలు కోరాడు. 1826 మార్చి 10 నాటి ఆయన నివేదిక రాజధాని మొత్తంలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క చెప్పింది. తెలుగు వ్యాకరణకర్తగా మనకు పరిచితుడైన ఎ.డి. క్యాంప్‌బెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరు. 1823లో ఆయన పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలోని 533 పాఠశాలలలో 226 తెలుగు బడులు. పిల్లలు నేలమీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ చదువు మొదలుపెట్టే తీరును ఆయన వివరంగా నమోదు చేశాడు. అరుగు మీదనో చెట్టు కిందనో నడిచే ఆ బడికి లోపల, వెలుపల అనే గట్టి హద్దు లేదు. అయితే దానిని ఆదర్శంగా చూపడం కూడా పొరపాటే. మన్రో లెక్కలోని విద్యార్థులలో బాలికలు 4,540 మంది మాత్రమే. హద్దు కట్టడంలో కాదు, ప్రవేశంలో ఉంది.

1882లో ఏర్పడిన హంటర్ కమిషన్ ప్రాథమిక పాఠశాలలలో దేశీయ ఆటలను, కసరత్తును, డ్రిల్లును ప్రోత్సహించాలని సిఫారసు చేసింది. విధాన పత్రాలలో ఆటకు గౌరవం దక్కిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. కాని ఆ గౌరవం దేహదారుఢ్యం అనే ప్రయోజనం ద్వారా వచ్చింది. 1916లో అనీబిసెంటు మద్రాసు కేంద్రంగా భారతీయ బాలుర స్కౌటు సంఘాన్ని నెలకొల్పడానికి కారణం, అప్పటి అధికారిక స్కౌటు ఉద్యమం భారతీయ బాలురను చేర్చుకోకపోవడమే. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలతో ఆట నేర్పేవారికి శిక్షణ మొదలైంది. ఈ మూడింటినీ కలిపి చూస్తే, ఆరుబయలు చదువుకు సిఫారసు ఒక్కటే చాలదని, ప్రవేశ హక్కు, శిక్షణ పొందిన గురువు కూడా కావాలని ఆనాడే తేలిందని చెప్పవచ్చు.

3. 1953: బడి బయట ఎవరు?

1937 వార్ధా సమావేశం తరువాత చేతిపనిని చదువుకు కేంద్రంగా చేసే బేసిక్ విద్య ప్రచారంలోకి వచ్చింది. బడి వెలుపలి జీవితానికి విద్యా విలువ ఉందన్న ఆ భావం మద్రాసు రాష్ట్రంలో అనూహ్యమైన మలుపు తిరిగింది. 1953లో ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు కొత్త పథకం తెచ్చారు. పిల్లలు రోజుకు మూడు గంటలు బడిలో చదివి, తక్కిన సమయంలో తల్లిదండ్రుల వృత్తినో ఊరిలోని మరో చేతిపనినో నేర్చుకోవాలి. రెండు పూటలుగా బడి నడిస్తే ఉన్న ఉపాధ్యాయులతోనే ఎక్కువమందికి చదువు చెప్పవచ్చన్నది ప్రభుత్వ వాదం. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆంధ్రరాష్ట్రం ఆ యేడు అక్టోబరు 1న ఏర్పడింది.

ఇది కులవృత్తి విద్య అని ప్రత్యర్థులు తీవ్రంగా నిరసించారు. చాకలి బిడ్డను రేవుకు, కుమ్మరి బిడ్డను సారెకు తిరిగి కట్టివేయడమేనన్నది ఆ నిరసన సారాంశం. శాసనసభలో వ్యతిరేకత పెరిగి పథకం ఆగింది; పరిశీలనకు పరులేకర్ కమిటీ ఏర్పడింది; 1954లో కామరాజు ప్రభుత్వం దానిని పూర్తిగా ఉపసంహరించుకుంది. 'బయట' అనే మాట తనంత తానుగా స్వేచ్ఛకు పర్యాయపదం కాదని ఈ ఘట్టం స్పష్టం చేస్తుంది. ఒకరికి బయటికి వెళ్ళడం విహారం, ఇంకొకరికి అది పుట్టుకతో వచ్చిన చాకిరీ. ఆరుబయలు విద్యను సమర్థించే ఏ వాదమైనా ఈ వ్యత్యాసానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.

4. చట్టంలో ఆటస్థలం:

ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982లోని 20వ సెక్షన్ కొత్త విద్యాసంస్థకు అనుమతి కోరేవారు భవనానికి, ఆటస్థలానికి, తోటకు ఉద్దేశించిన స్థలం హక్కు పత్రాలను దరఖాస్తుకు జతచేయాలని చెప్పింది. ఇందులో 'తోట' అన్న మాట గమనింపదగింది. బడి ఆవరణలో మొక్క కూడా ఉండాలన్న ఊహ శాసనభాషలోకి వచ్చింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దాని అనుబంధం ప్రతి పాఠశాలకు ఆటస్థలం ఉండాలంటుంది. అయితే విస్తీర్ణం చెప్పదు. అదే జాబితాలో ఆటస్థలం పక్కనే ప్రహరీ గోడ లేదా కంచె కూడా ఉంది. తోట లేదు. మరొకవైపు 29వ సెక్షన్ కృత్యాలు, ఆవిష్కరణ, అన్వేషణల ద్వారా పిల్లలు నేర్చుకోవాలని నిర్దేశించింది. అనుబంధం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 బోధన గంటలు నిర్ణయించింది. చెరువుగట్టు మీద గడిపిన పూట ఈ గంటలలోకి వస్తుందా అన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. అన్వేషణ ఆశయంగాను, ప్రహరీ షరతుగాను నిలిచాయి. తనిఖీ అధికారి కొలవగలిగేది గోడనే.

నిర్వచనం లేని మాటకు న్యాయస్థానాలే బలం ఇవ్వవలసి వచ్చింది. బెంగుళూరులో ఉద్యానవనానికి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 1991లో ముద్దప్ప కేసులో కొట్టివేసింది. 2023లో హర్యానాకు చెందిన సత్పాల్ కేసులో, బడి ఆటస్థలంలో వెలసిన ఆక్రమణలను ధర కట్టి క్రమబద్ధం చేయడం కుదరదని, ఆటస్థలం లేని పాఠశాల ఉండరాదని తేల్చింది. అపార్టుమెంటులోనూ వాణిజ్య సముదాయంలోనూ నడుస్తున్న మన నగరాల బడులకు ఈ తీర్పు నేరుగా తగిలే ప్రశ్నను వేస్తుంది.

5. అడవి గడప వద్ద:

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్య ప్రవేశాన్ని నియంత్రించింది. 28వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, అక్కడ నివసించేవారితో న్యాయమైన వ్యవహారం - వీటికోసం అనుమతి ఇవ్వవచ్చు. పాఠశాల విద్యార్థి అనే వర్గం పేరుగా లేదు. అతడు పరిశోధకుని పక్కన అధ్యేతగానో, రుసుము చెల్లించే పర్యాటకుడిగానో లోపలికి రావాలి.

1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. ఆ దారిలో డిగ్రీ విద్యార్థులకు యు.జి.సి. రూపొందించిన ప్రధాన పాఠ్యప్రణాళికలో 50 ఉపన్యాసాలు ఉంటే, క్షేత్రపర్యటనకు దక్కినవి ఐదు ఉపన్యాసాలకు సమానమైన గంటలు. ఆ ఐదూ నివేదిక రాతతో గడిచిపోవడం కళాశాల అధ్యాపకులకు తెలియని సంగతి కాదు. ప్రకృతిని చదువులోకి తెచ్చిన ఆదేశం, ఆచరణలో ప్రకృతిని పుస్తకంలోకి తెచ్చింది.

2012 జులైలో పులుల అభయారణ్యాల ప్రధాన ప్రాంతాలలో పర్యాటకాన్ని సుప్రీంకోర్టు తాత్కాలికంగా నిలిపివేసింది. అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వచ్చాక ఆ నిషేధం తొలగింది. నల్లమల విషయంలో ఈ చర్చకు మరొక ముఖం ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు చెంచుల నివాసభూములు. వారి పిల్లలకు అడవి విహారస్థలం కాదు, ఇల్లు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అయినా అడవిని 'చూపించే' విధానాలలో అడవి తెలిసినవారు గురువులుగా కనిపించేది తక్కువ. 1953 నాటి ప్రశ్న ఇక్కడ మరోరూపంలో ఎదురవుతుంది.

6. దుర్ఘటన తరువాత నిబంధన:

2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 24 మంది హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వారితోపాటు యాత్రా నిర్వాహక బృందంలోని ఒకరు కూడా మరణించారు. లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీరు ఒక్కసారిగా విడుదల కావడం ఇందుకు కారణం. హిమాచల్ హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి, 2016 జనవరిలో ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించి, భారాన్ని విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య పంచింది. ఈ విభజనలో ఒక సూత్రం ఉంది: ఆరుబయట భద్రత ఒక్క ఉపాధ్యాయుని జాగ్రత్త కాదు, నదిని నిర్వహించే సంస్థకూ, యాత్రకు పంపిన సంస్థకూ, ప్రభుత్వానికీ చెందిన ఉమ్మడి బాధ్యత.

2015లో యు.జి.సి. విద్యార్థుల భద్రతా మార్గదర్శకాలు వెలువరించింది. ఆవరణ లోపలి భద్రతతోపాటు వెలుపలి భద్రతనూ అవి ప్రస్తావించాయి. ఐతే వాటిలో సులభంగా ఎక్కలేనంత ఎత్తైన ప్రహరీ, దానిపై ముళ్ళకంచె వంటి సూచనలు కూడా చోటుచేసుకున్నాయి. నది ఒడ్డున జరిగిన మరణాలకు గోడ ఎత్తు సమాధానం కాజాలదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ వరద గోదావరిలో మునిగింది. అప్పటికి అమలులో ఉన్న అంతర్గత జలయానాల చట్టం 1917 నాటిది; దాని స్థానంలో కొత్త చట్టం 2021లో వచ్చింది. విహారం ఆధునికమై, దానిని కాపాడే శాసనం శతాబ్దం వెనుక నిలిచిన తీరుకు ఇది నిదర్శనం.

దుర్ఘటన జరిగిన ప్రతిసారి సంస్థల తొలి స్పందన యాత్రలను ఆపడమే. దాని ఫలితం అందరిపై సమానంగా పడదు. స్తోమత ఉన్న కుటుంబం పిల్లలను సొంతంగా తీసుకువెళ్తుంది. బడి యాత్రే ఏకైక అవకాశమైన పిల్లవాడు ఇంటి దగ్గర మిగిలిపోతాడు.

7. ముగింపు:

జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల విద్యార్థులకు పది రోజుల సంచీలేని కాలాన్ని ప్రతిపాదించింది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక నిపుణుల వద్ద పిల్లలు పని నేర్చుకోవాలంటుంది. పైకి ఇది 1953 పథకాన్ని గుర్తుచేస్తుంది. భేదం ముఖ్యమైనది: అక్కడ పిల్లవాడు తన తల్లిదండ్రుల వృత్తికి వెళ్ళేవాడు, ఇక్కడ అందరి పిల్లలూ అందరి వృత్తుల వద్దకు వెళ్ళాలి. కుమ్మరి సారె వద్ద కుమ్మరి బిడ్డ ఒక్కడే కూర్చుంటే అది పాత పథకమే. వైద్యుని బిడ్డ కూడా కూర్చుని, కుమ్మరిని గురువుగా పిలిస్తేనే అది కొత్తది. అమలులో ఈ తేడా నిలుస్తుందా అన్నది పరిశోధకులు క్షేత్రస్థాయిలో చూడవలసిన అంశం.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. చట్టం ఆరుబయటిని ప్రధానంగా స్థలంగా, అనుమతిగా, ప్రమాదంగా గుర్తించింది. బోధన గంటగా గుర్తించడం ఇంకా మిగిలి ఉంది.

2. కొలత లేని 'ఆటస్థలం' అనే మాట పేరుకు నిబంధనగా ఉండి, ఆచరణలో కోర్టులపై ఆధారపడుతోంది.

3. భద్రతా నియమాలు ఎక్కువగా దుర్ఘటనల తరువాత వచ్చాయి. అవి సంతకాలను, గోడలను కోరినంతగా ఉపాధ్యాయునికి శిక్షణను కోరలేదు.

4. ఆరుబయలు విద్య న్యాయబద్ధమా కాదా అన్నది ఎవరు వెళ్తున్నారు, ఎవరు గురువుగా నిలుస్తున్నారు అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

ఇసుకలో వేలితో దిద్దిన బడిలో గోడ లేదు కాని అందరికీ చోటు లేదు. నేటి బడిలో అందరికీ చోటు చట్టబద్ధమైంది, గోడ ఎత్తు పెరిగింది. అందరికీ దక్కిన చోటును నిలుపుకుంటూ ఆ గోడకు భద్రమైన వాకిలి పెట్టడం ఇకపై విధాన రూపకర్తల ముందున్న పని.