ఆ కంచు పతకం ఎవరిది?

పద్మశ్రీ మాట ఎత్తగానే మా హాస్టల్ పిల్లలు అడిగేది ఒకటే: "మేడం, ఎంత డబ్బిస్తారు?" పద్మశ్రీతో డబ్బేమీ రాదు. రాష్ట్రపతి సంతకం ఉన్న ఒక పత్రం, ఒక కంచు పతకం ఇస్తారు. పతకం మధ్యలో తామరపువ్వు, దాని పైన 'పద్మ', కింద 'శ్రీ' అని హిందీ లిపిలో ఉంటుంది. 1954 నుంచి ఇస్తున్నారు. ఇది బిరుదు కూడా కాదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులు వద్దంది. పద్మ పురస్కారాన్ని పేరుకు ముందూ వెనకా తగిలించకూడదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మన ఫ్లెక్సీలు వేసేవాళ్లకు ఈ సంగతి తెలిసినట్టు లేదు!

మనవాళ్లలో 2021లో ఆ గౌరవం పొందినాయన మర్లవాయి కనకరాజు. మర్లవాయి అంటే హైమెన్‌డార్ఫ్ దొర ఉన్న ఊరే. 1943లో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ అక్కడే మొదలైంది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి ఆ ఊరంటే నాకు కాస్త ఎక్కువ గౌరవం. కనకరాజు గుస్సాడీ గురువు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో ఆడి వచ్చారు. అయితే నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఒక్కడే ఆడితే గుస్సాడీ అవదు. దండారీ బృందం కావాలి, వాయించేవాళ్లు కావాలి, దీపావళి రోజుల్లో వాళ్లను పిలిచి అన్నం పెట్టే ఊరు కావాలి. పతకం మీద మాత్రం అంతమందికి చోటుండదు.

మరుసటి ఏడాది, 2022లో, మణుగూరు దగ్గర కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథ, కోయల గట్టుల చరిత్ర ఆయన డోలు కొట్టి పాడేవారు. బడి పాఠ్యపుస్తకంలో ఆ చరిత్ర వెతికితే దొరికేది తక్కువ. అది ఆయన నోట్లో ఉంది, పడిగె గుడ్డ మీది బొమ్మల్లో ఉంది.

2024లో పద్మశ్రీ కళాకారులకు నెలకు 25,000 రూపాయల పింఛను ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచి పనే. అదే ఏడాది జూన్‌లో రామచంద్రయ్య, అక్టోబర్‌లో కనకరాజు వెళ్లిపోయారు. పతకాలు ఇళ్లలో ఉన్నాయి. కనకరాజు దగ్గర నేర్చుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి గుస్సాడీకి ఇప్పటికి భయం లేదు. నా బెంగ డోలి కథల గురించే. ఆట చూసి నేర్చుకోవచ్చు, రాత్రంతా సాగే కథను మాత్రం పక్కన కూర్చుని వినాల్సిందే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పడిగె ముందు నిలబడి బొమ్మ బొమ్మకూ కథ చెప్పగలిగే పెద్దలు మీ గూడెంలో ఎవరున్నారో సంఘానికి రాసి పంపండి. పేరు, ఊరు, వయసు చాలు. వయసు తప్పకుండా రాయండి.