మన ఊళ్ళ పాత గోడలు: చట్టము చెప్పునది, మనము చేయవలసినది

శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాసి ఇమ్మని సంపాదక వర్గమువారు అడిగినప్పుడు సంఘ చరిత్ర వ్రాయవలెనని మేము మొదట అనుకొన్నాము. అయితే ఆ పని మాకంటె పెద్దలు, ఎక్కువ ఎరిగినవారు ఈ సంచికలోనే చేయుచున్నారు. కనుక మేము మరియొక సంగతి ఎత్తుకొన్నాము. మన పితరులు కట్టిన కట్టడములను, మన ఊళ్ళలోని పాత కోటలను, బావులను కాపాడుటకు ప్రభుత్వము ఏ నియమములు చేసినది? అవి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్ళకు ఎంతవరకు పనికి వచ్చినవి? చట్టము చేయలేని పని ఏది? ఈ మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంతవరకు జవాబు చెప్పుదుము.

ఈ ఆలోచన మాకు ఊరకే రాలేదు. మేము చిన్నతనమున ఆదివారపు బడికి వెళ్ళిన మందిరము ఒకటి ఉండెను. డంగు సున్నపు గోడలు, టేకు దూలములు, పైన పెంకులు. వేసవిలో బయట ఎండ మండుచున్నను లోపల చల్లగా ఉండెడిది. సంఘము పెరిగినది, స్థలము చాలలేదు. కమిటీవారు పాతదానిని తీసివేసి స్లాబు వేయించినారు. ఆ తీర్మానమునకు చేతులెత్తినవారిలో మేమును ఉన్నాము. కొత్త మందిరము ప్రతిష్ఠ అయిన కొన్ని నెలలకు పాత పునాదిరాయి ఎక్కడ ఉన్నదని ఒక ముసలి అవ్వ అడిగినది. ఎవరికిని తెలియదు. వెదకగా వెదకగా అది బోరింగు దగ్గర బట్టలు ఉతుకు బండగా కనబడినది. దాని మీది అక్షరములు సగము అరిగిపోయినవి. ఆ రాయి మీద ఆ అవ్వ తండ్రి పేరు ఉండెనట. ఆ దినమున మేము ఆమెకు ఏమియు జవాబు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ జవాబునకు ప్రయత్నము అనుకొనవచ్చును.

మన మూడు ఊళ్ళు

జగిత్యాల అనగానే అందరికి ఖిల్లా గుర్తుకు వచ్చును. 18వ శతాబ్దములో కట్టిన ఈ కోట నక్షత్రము ఆకారములో ఉండి, చుట్టును కందకము కలిగి, మన ప్రాంతపు గుట్టల మీది కోటలకు భిన్నముగా నేల మీదనే నిలిచియున్నది. ఐరోపా పద్ధతి కోటలను చూచి దీనిని కట్టించినారు. జాక్, తాల్ అను ఇద్దరు దొరలు దీనిని కట్టిరనియు, వారి పేర్ల మీదనే ఊరికి పేరు వచ్చినదనియు మన పెద్దలు కథ చెప్పుదురు. కథ నిజమైనను కాకపోయినను, కోట మాత్రము కంటికి కనబడు నిజము. ఇది రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలోనికి వచ్చినది.

కోరుట్లలో పాత మెట్ల బావి ఉన్నది. రాతి మెట్ల మీదుగా నీటి వరకు దిగిపోవు ఇట్టి బావులు ఒకప్పుడు ఊరి ప్రాణము. కుళాయిలు వచ్చిన తరువాత ఇట్టి బావులు అనేక ఊళ్ళలో చెత్త వేయు గుంటలైనవి. బావి మీద యుద్ధము ఎవరును చేయలేదు. దాని అవసరము తీరినది, అంతే. పాత కట్టడములలో ఎక్కువ భాగము పడగొట్టుటవలన కాదు, పట్టించుకొనకపోవుట వలననే పోవును.

సిరిసిల్ల మానేరు ఒడ్డున మగ్గముల ఊరు. ఈ ప్రాంతపు పల్లెలలో గడీలు ఉండెను. గడీల సంగతి చెప్పుట కష్టము. వాటి గోడలకు రాళ్ళు మోసినది, సున్నము కలిపినది మన తాతలే, అదియు వెట్టిగా. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. ఆ సంవత్సరమే అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. అటు తరువాత దొరలు పట్నము వెళ్ళిపోగా గడీలు అనేకము పాడుపడినవి. ఇట్టి కట్టడమును కాపాడవలెనా అని ఎవరైనను అడిగిన, మా మనస్సు రెండు విధములుగా పోవును. గోడ కూలిన కష్టము కూడ మరచిపోబడును. కావున నిలిచియున్న గడిని నిలుపవచ్చును; కాని దాని ముందు పెట్టు పలక మీద దొర పేరుతోపాటు వెట్టి చేసినవారి సంగతియు వ్రాయవలెను. అప్పుడే అది చరిత్ర అగును.

ఇక ఇరుగుపొరుగున ఉన్నవి లెక్కకు మిక్కిలి. గోదావరి ఒడ్డున శాతవాహనుల నాటి నాణెములు దొరికిన కోటిలింగాల, వేములవాడ చాళుక్యుల గుడులు, తెలుగు కంద పద్యములు చెక్కిన కుర్క్యాల బొమ్మలమ్మ గుట్ట శాసనము, ఎలగందుల కోట. ఇంత సంపద మధ్య మనము పుట్టి పెరిగినాము.

చట్టము వచ్చిన దారి

బ్రిటిషు ఇండియాలో కర్జను దొర కాలమున, 1904లో, ప్రాచీన కట్టడముల సంరక్షణ చట్టము వచ్చినది. మన ప్రాంతము అప్పుడు నిజాం ప్రభుత్వములో ఉండెను. 1914లో హైదరాబాదు సంస్థానము గులాం యజ్దానీ గారిని పెద్దగా పెట్టి పురావస్తు శాఖను ఏర్పరచినది. 1337 ఫసలీలో, అనగా 1927-28 ప్రాంతమున, సంస్థానమునకు ప్రాచీన కట్టడముల చట్టము ఏర్పడినది.

స్వాతంత్ర్యము తరువాత రాజ్యాంగము ఈ పనిని పంచినది. జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములు కేంద్రమునకు, తక్కినవి రాష్ట్రమునకు. కేంద్రము 1958లో, ఆంధ్రప్రదేశ్ 1960లో తమ తమ చట్టములు చేసినవి. ఈ రెండింటిలోను పద్ధతి ఒకటే. కట్టడమునకు కనీసము నూరేండ్లు నిండియుండవలెను. దానిని రక్షిత కట్టడముగా ప్రకటింపదలచినట్లు ప్రభుత్వము గెజెటులో రెండు నెలల నోటీసు ఇచ్చును. ఆ నోటీసు ప్రతిని కట్టడము దగ్గర అందరికి కనబడునట్లు అతికింతురు. ఆ రెండు నెలలలో సంబంధము గలవారెవరైనను అభ్యంతరము తెలుపవచ్చును. అభ్యంతరములు విచారించిన పిమ్మటనే తుది ప్రకటన వచ్చును.

ఇక్కడ మన సంఘస్థులు భయపడు సంగతి ఒకటి ఉన్నది. ప్రకటన వెలువడగానే ఆస్తి సర్కారు పాలగునని అనేకులు తలంతురు. అది సరికాదు. రక్షిత కట్టడమని ప్రకటించుట వేరు, స్వాధీనము చేసికొనుట వేరు. యజమాని యజమానిగానే ఉండవచ్చును. అయితే కూల్చుటకు, మార్చుటకు, చుట్టును త్రవ్వుటకు అతనికి మునుపటి స్వేచ్ఛ ఉండదు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడముల విషయములో నియమములు మరింత గట్టివి. 2010 సవరణ ప్రకారము చుట్టును 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణము నిషేధము; ఆ పైన మరి 200 మీటర్ల వరకు అనుమతి కావలెను. కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును.

ఊరి పాలకుల చేతిలో ఉన్నది

గెజెటులోనికి ఎక్కునవి కొన్నియే. మిగిలినవాటి గతి ఊరి పురపాలక సంఘము చేతిలో ఉండును. ఇల్లు కట్టుటకు అనుమతి ఇచ్చునది వారే, శిథిలమైన గోడకు నోటీసు అంటించునది వారే. రాజ్యాంగపు 74వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినప్పుడు పట్టణ పాలకులకు అప్పగింపదగిన పనుల పట్టికలో సంస్కృతికి సంబంధించినదియు చేర్చబడినది. కాని పట్టికలో చేరుట వేరు, పద్దులో డబ్బు చేరుట వేరు.

హైదరాబాదు నగరమునకు మాత్రము ఒక మంచి నియమము ఉండెను. 1995లో పట్టణాభివృద్ధి సంస్థ నిబంధనలలో 13వ నిబంధనగా వారసత్వ కట్టడముల రక్షణ చేర్చబడినది. నూరుకు మించిన కట్టడములు ఆ జాబితాకు ఎక్కినవి. దీనిలోని విశేషమేమనగా, కట్టడమునకు నూరేండ్లు నిండవలెనను పట్టు లేదు. అందము, చరిత్ర, కట్టిన తీరు చూచి జాబితాలో చేర్చినారు. కూల్చవలెనన్న, మార్చవలెనన్న నిపుణుల సంఘము సలహా తీసికొనవలసియుండెను. అయితే ఇది నగర పరిధికే. జగిత్యాలకు గాని, కోరుట్లకు గాని, సిరిసిల్లకు గాని అట్టి జాబితా రాలేదు. చివరకు 2015 డిసెంబరులో నగరములోని ఆ నిబంధనను కూడ తొలగించినారు.

2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు వేరు జిల్లాలైనవి. మరుసటి సంవత్సరము, 2017లో, తెలంగాణ శాసనసభ వారసత్వ సంపద రక్షణకు కొత్త చట్టము చేసినది. రాష్ట్ర స్థాయిలోనే గాక జిల్లా స్థాయిలోను సంఘములు ఉండవలెనని దాని ఉద్దేశము. అనగా మన ఊరి కట్టడము సంగతి హైదరాబాదు వరకు వెళ్ళకముందే మన కలెక్టరుగారి దగ్గర చెప్పుకొనుటకు దారి ఏర్పడినది.

చట్టమున్నను అడుగువారు లేనిచో అది కాగితమే. 2019 జూనులో హైదరాబాదులోని ఇర్రం మంజిల్ మేడను తీసివేసి శాసనసభ భవనము కట్టవలెనని మంత్రివర్గము నిర్ణయించినది. కొందరు పౌరులు హైకోర్టుకు వెళ్ళిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 16న కోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. ఆ మేడ నిలిచినది అడిగినవారు ఉండుటవలననే.

ఆరాధన జరుగు కట్టడముల మాట

మందిరము కోట వంటిది కాదు. కోటలో సైన్యము లేదు; మందిరములో సంఘము ఉన్నది. ఈ భేదమును చట్టము మొదటినుండియు గుర్తించినది. 1904 నాటి చట్టము ఆరాధన జరుగు కట్టడములను బలవంతముగా కొనరాదన్నది. 1958 నాటి చట్టము రక్షణలోనికి వచ్చిన ఆరాధన స్థలమును దాని స్వభావమునకు తగని పనులకు వాడరాదన్నది.

ఇంగ్లాండు దేశములో 1913 నుండి మరియొక ఏర్పాటు ఉన్నది. ఆరాధన జరుగు దేవాలయములకు ప్రభుత్వ అనుమతి నుండి మినహాయింపు ఇచ్చినారు. తమ కట్టడములను తామే కాపాడుకొనునట్టి గట్టి కట్టుబాటు సంఘమునకు ముందే ఉన్నదన్నది దీనికి ఆధారము. ఆంగ్లికను సంఘములో కిటికీ మార్చవలెనన్నను అధ్యక్ష మండలపు న్యాయస్థానము అనుమతి కావలెను. తరువాత మెథడిస్టు సంఘమునకును ఈ మినహాయింపు దొరికినది. మన ప్రాంతమునకు సువార్తికులను పంపిన వెస్లియను మెథడిస్టులు ఆ సంఘములో కలిసినవారే. సర్కారు లోపలికి రాకూడదని అడుగువాడు ముందు తన ఇంటిని తాను చక్కగా ఉంచుకొనవలెను. ఇందులో మనము నేర్చుకొనదగినది ఇదియే.

మన కన్నుల ముందు మెదకు మహాదేవాలయము ఉన్నది. పాస్నెట్ దొరగారు కరువు దినములలో కూలి దొరకని జనులకు పని చూపించుచు కట్టించిన ఆ ఆలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయినది. 2024తో దానికి నూరేండ్లు నిండినవి. అంతటి ఆలయమునకు చూచువారు ఎందరో ఉందురు. పల్లెలోని పెంకుటి మందిరమునకు, పాత మిషను బంగళాకు, ఉపదేశి ఇంటికి, సమాధుల తోటకు ఎవరున్నారు? వాటికి గెజెటు రాదు, పలక రాదు. వాటికి మనమే.

మనము చేయవలసినది

మొదటిది, ప్రతి పాస్టరేటులోను పాత కట్టడముల పట్టిక వ్రాయవలెను. ఏ సంవత్సరము కట్టినది, ఎవరు కట్టినది, పునాదిరాయి మీద ఏమున్నది, సమాధుల మీద ఏ పేర్లున్నవి, ఒక్కొక్కటికి ఒక ఫోటో. రెండవది, కాగితములు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పటినుండి సంఘపు ఆస్తులను దాని ట్రస్ట్ అసోసియేషను పేర ఉంచుట మన ఏర్పాటు. కావున ఒక కమిటీ తీర్మానముతో కూల్చుటకుగాని అమ్ముటకుగాని అది మన సొంత ఇల్లు కాదు. పట్టా, నక్షా, పాత రసీదులు ఒకచోట భద్రము చేయవలెను. మూడవది, మరమ్మతు. సున్నపు గోడకు సిమెంటు పూసిన లోపలి తేమ బయటికి రాక గోడ లోలోపల చెడిపోవును. సున్నపు గోడకు సున్నమే మందు. ఈ పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకను ఉన్నచో వారిని అడిగి మన పిల్లలకు నేర్పింపవలెను.

నాల్గవది, తీసివేయక తప్పనప్పుడు. సంఘము పెరుగుట దేవుని దయ. స్థలము చాలనప్పుడు కొత్తది కట్టవలసినదే. అయినను ముందు పక్క స్థలములో వీలగునా అని చూడవలెను. వీలుకానిచో పునాదిరాయిని, గంటను, తలుపును కొత్త మందిరపు గోడలో చేర్చవలెను. యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు గిల్గాలులో పండ్రెండు రాళ్ళు నిలిపినది పిల్లలు అడిగినప్పుడు చెప్పుటకే గదా.

ఆ బండను మేము బోరింగు దగ్గరనుండి తెప్పించి కడిగించి, మందిరపు వాకిట గోడకు పెట్టించినాము. అక్షరములు సగమే మిగిలినవి. ఆ అవ్వ వచ్చి తండ్రి పేరున్న చోట చేయి పెట్టి కొంతసేపు నిలబడినది. మాతో ఏమియు అనలేదు. ఈ సంచిక చదువు ప్రతి ఒక్కరును ఈ వారము తమ మందిరపు పునాదిరాయి ఎక్కడ ఉన్నదో ఒకసారి వెళ్ళి చూడవలెనని మా మనవి.