ఛాయాచిత్రమునకు కర్త ఎవరు?

చిత్రకారుడు ఒక పటము వ్రాసినచో అది అతని కృతియని చెప్పుటకు ఎవరును సందేహింపరు. కుంచె అతనిది, చేయి అతనిది, ఊహయు అతనిదే. ఛాయాచిత్రము విషయమున ఈ సంగతి అంత తేలికగా తేలదు. ఎదుట కూర్చున్న మనిషి ముఖమునుండి వచ్చిన కాంతి కెమెరా కటకము ద్వారా లోనికి పోయి, రసాయన ద్రవ్యము పూసిన పలకపై పడి, తన గుర్తును తానే విడిచిపోవును. ముఖము ఒకరిది, కెమెరా వేరొకరిది, బొమ్మ గీసినది కాంతి. అట్లయినచో ఆ బొమ్మను దిద్దుటకు, పదిమందికి పంచుటకు అధికారము ఎవరిది?

నేడు సెల్‌ఫోను గల ప్రతివారికిని ఈ ప్రశ్న ఎదురగుచున్నది. ఛాయాచిత్రకారుడు శ్రమపడి తీసి పంపిన చిత్రమును అందలి మోడల్ తనకు తోచినట్లు రంగులు మార్చి, ముఖము నునుపు చేసి, లోకమునకు చూపును. అది చూచి చిత్రకారుడు, 'ఇది నా పని కాదు, కాని నా పేరు దీనిపై ఉన్నది' అని నొచ్చుకొనును. మోడల్, 'ముఖము నాది గదా' అని అడుగును. యంత్రము క్రొత్తదే గాని తగవు మాత్రము పాతది. దాని మూలములను తెలిసికొనుటకు పందొమ్మిదవ శతాబ్దపు పారిస్ నగరమునకు పోవలెను.

1839లో ఫ్రాన్సు దేశమున వెల్లడియైన డాగెర్ పద్ధతిలో వెండిపూత గల రాగిరేకుపై ఒకే ఒక బొమ్మ వచ్చెడిది. దానినుండి ప్రతులు అచ్చువేయుటకు వీలులేదు. కనుక దానిని ఎవరు పంచవలెనను తగవునకు అవకాశము తక్కువ. ఇంగ్లండులో టాల్‌బట్ 1841లో పేటెంటు పొందిన పద్ధతిలో మొదట నెగెటివు, దానినుండి ప్రింట్లు వచ్చెను. 1851లో ఆర్చర్ గాజుపలకపై కొలోడియన్ పూసి నెగెటివు తయారుచేయు పద్ధతిని ప్రకటించెను. ఇక ఒక నెగెటివునుండి వందల కొలది ప్రతులు తీయవచ్చును. 1854లో పారిస్ వాసి డిస్దేరి, ఒకే పలకపై పెక్కు చిన్న చిత్రములు తీయు పద్ధతికి పేటెంటు పొందెను. ప్రసిద్ధుల చిత్రములు అంగళ్లలో అమ్ముడుపోవుట మొదలయ్యెను.

నెగెటివుతో పాటు దిద్దుబాటు కూడ వచ్చినది. నెగెటివులో వెలుగునీడలు తారుమారై యుండునని విద్యార్థులు ఎరుగుదురు. ముఖముపై ముడుత నీడగా కనబడును గనుక నెగెటివులో అది పారదర్శకమైన గీత యగును. ప్రింటు తీయునపుడు ఆ గీతగుండా కాంతి విరివిగా పోయి కాగితముపై నల్లని చార ఏర్పడును. ఆ గీతను సన్నని పెన్సిలుతో పూడ్చినచో కాంతికి అడ్డు కలిగి, ప్రింటులో ముడుత మాయమగును. ప్రింటుపై నేరుగా రంగులు పూయుట మరియొక పద్ధతి. నేటి ఫోనులో వ్రేలితో ఒక్కసారి తాకి చేయు పనిని ఆనాడు గంటల కొలది కూర్చుండి చేసెడివారు.

ఆ దినములలో పారిస్‌లో మేయర్, పీర్సన్ అనువారి స్టూడియో పేరొందినది. 1856లో ఇటలీనుండి వచ్చిన కాస్టిలియోనే ప్రభుపత్ని అచ్చటికి ఫోటో దిగుటకు వచ్చెను. ఆమె కాలపు స్త్రీలు ఛాయాచిత్రకారుడు చెప్పినట్లు కూర్చుండి, ఇచ్చిన ప్రతి తీసికొనిపోయెడివారు. ఈమె అట్టిది కాదు. ఏ దుస్తులు ధరింపవలెనో, ఎట్లు నిలువవలెనో, ఏ పాత్రగా కనబడవలెనో ఆమెయే నిర్ణయించెను. ప్రింట్లు వచ్చిన పిమ్మట వానిపై ఎట్టి రంగులు పూయవలెనో ఆదేశములిచ్చెను. వానిలో పెక్కింటికి ఆక్విలిన్ షాద్ అను చిత్రకారుడు రంగులు పూసెను. ఆమె ఆ ప్రతులను తన మిత్రులకు, ఆరాధకులకు పంపెడిది. 'ఆటీను రాణి' వేషమున దిగిన చిత్రము రంగులతో సహా 1867లో పారిస్ ప్రపంచ ప్రదర్శనశాలకెక్కినది. నడుమ దీర్ఘ విరామములున్నను, 1890 దశకము వరకు ఆమె పీర్సన్ చేతనే నాలుగువందలకు పైగా చిత్రములు తీయించుకొనెను. మోడల్ తన చిత్రమును మార్చి పంచుకొనుట ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది.

ఆ స్టూడియోవారే మరియొక వైపునుండి దెబ్బ తినిరి. కాస్టిలియోనే ప్రభుపత్నికి బంధువైన ఇటలీ రాజనీతిజ్ఞుడు కవూర్ చిత్రమును వారు తీసియుండిరి. 1861లో కవూర్ మరణించెను. బెత్‌బెదే, ష్వాబే అను వర్తకులు ఆ చిత్రమునకు నకళ్లు తీసి అమ్మిరని మేయర్, పీర్సన్‌లు కోర్టుకెక్కిరి. రచయితలకు, కళాకారులకు 1793 నాటి ఫ్రెంచి చట్టము రక్షణ నిచ్చుచుండెను. కాని ఛాయాచిత్రము కళయా, యంత్రపు పనియా? 1862 జనవరిలో క్రింది న్యాయస్థానము అది కళ కాదని తీర్పు చెప్పెను. ఏప్రిల్ 10వ తేదీన అప్పీలు కోర్టు ఆ తీర్పును త్రిప్పివేసి, తీసినవాని ఆలోచన, అభిరుచి, తెలివి అందులో కనబడినచో ఛాయాచిత్రము కళాకృతి కావచ్చునని నిర్ణయించెను. ఆ యేడే నవంబరులో అత్యున్నత న్యాయస్థానము దీనిని స్థిరపరచెను. ఛాయాచిత్రమును కళతో సమానముగా చూచుటను ఆంగ్ర్ మొదలగు ప్రసిద్ధ చిత్రకారులు నిరసించి సంతకములు చేసిరి.

ఇరువది రెండేండ్ల తరువాత అమెరికాలోను ఇదే ప్రశ్న లేచెను. 1882లో న్యూయార్కు నగరమున నెపోలియన్ సరోనీ అను ఛాయాచిత్రకారుడు రచయిత ఆస్కార్ వైల్డ్ చిత్రములు తీసెను. వానిలో ఒకదానిని ఒక శిలాముద్రణ సంస్థ అనుమతి లేకయే 85,000 ప్రతులు వేసెను. కెమెరా యంత్రము, దానికి కర్త ఉండడు అని ఆ సంస్థ వాదించెను. 1884లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. వైల్డ్‌ను కూర్చుండబెట్టిన తీరు, దుస్తుల ఎంపిక, తెరల అమరిక, వెలుగునీడల కూర్పు, ముఖమున పలికించిన భావము ఇవియన్నియు సరోనీ ఊహనుండి పుట్టినవి గనుక అతడే కర్త యని చెప్పెను. సరోనీ సాధారణముగా కెమెరా నడుపు పనిని సహాయకునికి విడిచి, తాను భంగిమను తీర్చుటయందే నిమగ్నుడగుచుండెను.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. భంగిమ, దుస్తులు, భావము నిర్ణయించినవాడు కర్త యనునది సరోనీకి లభించిన కొలబద్ద. దానినే పారిస్ చిత్రములకు పెట్టి చూచినచో ఏమగును? వానిలో దుస్తులు, భంగిమ, భావము నిర్ణయించినది ఆ ప్రభుపత్ని. కెమెరా నడిపినది పీర్సన్. ఒకే కొలత న్యూయార్కులో ఛాయాచిత్రకారునికి పట్టము కట్టి, పారిస్‌లో మోడల్‌కు కనీసము సగము పాలు ఇచ్చుచున్నది! కర్తృత్వము కెమెరాను అంటిపెట్టుకొని యుండదు, ఊహను అనుసరించి పోవునని ఈ రెండు కథలు చెప్పుచున్నవి.

కర్తృత్వము ఒకటి, ముఖముపై హక్కు మరియొకటి. న్యూయార్కు రాష్ట్రమున ఒక పిండిమిల్లువారు ఒక బాలిక చిత్రమును ఆమెను అడుగకయే 25,000 ప్రకటనలపై అచ్చువేసిరి. ఆమె వ్యాజ్యము వేయగా, 1902లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఒక్క వోటు ఆధిక్యముతో ఆమెకు హక్కు లేదని చెప్పెను. ప్రజలు ఆగ్రహింపగా, వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఎవరి చిత్రమును వ్యాపారమునకు వాడరాదని 1903లో శాసనము వచ్చెను. తమ బొమ్మ ఎవరి కంటబడునో అను బెంగ మన హైదరాబాదుకు క్రొత్తది కాదు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల స్త్రీ చేతిలో ఉంచెను. తగవు వచ్చిన పిమ్మట కాక, ముందే కట్టుబాటు చేసికొనుట అందలి తెలివి.

మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ఈ పాళ్లను విడదీసి చూపుచున్నది. ఛాయాచిత్రము తీసినవారే దాని కర్త. కాని ఎవరైనను డబ్బిచ్చి తమ కొరకు తీయించుకొన్నచో, వేరు ఒప్పందము లేనపుడు, తీయించినవారే దానికి మొదటి స్వామి యగుదురు. అయినను కర్తకు ఒక ప్రత్యేక హక్కు మిగిలియుండును. తన గౌరవమునకు భంగము కలుగునట్లు కృతిని వికృతము చేసినచో దానిని ఆపింపను, నష్టపరిహారము కోరను అతడు అధికారి. అనగా పెండ్లి ఫోటోలకు సొమ్ము చెల్లించినవారు వానిని పంచుకొనవచ్చును. తీసినవాని పరువు పోవునట్లు వానిని మార్చి, అతని పేరుతోనే చూపినచో అది వేరు సంగతి. డబ్బు మారక, పరస్పర ప్రయోజనమునకు తీసిన చిత్రములలో స్వామ్యము తీసినవారియందే నిలుచును. నేటి మోడళ్లకు, ఛాయాచిత్రకారులకు నడుమ వచ్చు తగవులు పెక్కు ఇట్టి చిత్రములకు సంబంధించినవే.

కనుక కెమెరా మూత తీయుటకు ముందే నాలుగు మాటలు కాగితముపై వ్రాసికొనుట మేలు. చిత్రమును ఎవరు దిద్దవచ్చును? ఎంతవరకు? దిద్దిన దానిపై ఎవరి పేరుండవలెను? ఎక్కడ చూపవచ్చును? ఉపాధ్యాయులు పాఠశాల వార్షికోత్సవపు ఫోటోను ఉదాహరణగా తీసికొని తరగతిలో ఈ ప్రశ్నలను చర్చింపవచ్చును. వెండి లవణములపై కాంతి చేయు పనిని రసాయనశాస్త్రము చెప్పును. ఆ కాంతికి ఎదుట నిలిచినవారికిని, దానిని పట్టినవారికిని ఎవరి పాలు ఎంతయో అది చెప్పదు. దానిని మనుష్యులే కూర్చుండి తేల్చుకొనవలెను.