గొంగళిపురుగు నుంచి కందిరీగ: ఒక పొరపాటు చరిత్ర

తుమ్మెద ఝుంకారాన్నే ధ్యానిస్తూ గూటిలోని పురుగు చివరకు తుమ్మెదగా మారుతుందని భ్రమరకీట న్యాయం చెబుతుంది. నిజానికి మట్టిగూడు కట్టే కందిరీగ గొంగళిపురుగును కుట్టి, గూటిలో ఉంచి, గుడ్డు పెట్టి మూసివేస్తుంది. పురుగు మారదు, పిల్ల కందిరీగకు ఆహారమవుతుంది. చూసింది నిజమే, చెప్పుకొన్న కారణం తప్పు. ఐరోపాలోనూ ఇటువంటి పొరపాటే జరిగింది.

క్యాబేజీ ఆకులు తినే గొంగళిపురుగు పక్కన ఒక్కొక్కసారి పసుపుపచ్చని గుళికల గుత్తి కనిపిస్తుంది. ఇటలీ పండితుడు ఆల్డ్రొవాండి 1602లో వెలువడిన తన గ్రంథంలో వీటిని గుడ్లుగా భావించాడు. డచ్ చిత్రకారుడు గూడార్ట్ ఒకే రకం గొంగళిపురుగు నుంచి ఒకసారి సీతాకోకచిలుక, మరొకసారి ఈగల వంటి కీటకాలు రావడం చూసి, ఒక జీవికి రెండు రకాల సంతానం కలుగుతుందని నమ్మాడు.

ఇది చిన్న పొరపాటు కాదు. ఒక జీవి నుంచి వేరొక జీవి పుట్టగలిగితే 'జాతి' అనే భావనకే అర్థం ఉండదు. 1668లో ఫ్రాన్సిస్కో రెడి ఈగలు వాలనివ్వని మాంసానికి పురుగు పట్టదని ప్రయోగపూర్వకంగా చూపాడు. కానీ గొంగళిపురుగు విషయంలో గుడ్డు బతికున్న దేహంలోనే దాగి ఉంటుంది. అందువల్ల ఈ చిక్కు వెంటనే విడలేదు.

18వ శతాబ్ది తొలి ఏళ్లలో వాలిస్నియరి అసలు సంగతి వివరించాడు. ఆడ కందిరీగ లేత గొంగళిపురుగు దేహంలోకి గుడ్లు చొప్పిస్తుంది. డింభకాలు లోపలి ద్రవాన్ని ఆహారంగా తీసుకొని పెరిగి, చర్మాన్ని తొలుచుకొని బయటికి వచ్చి, పట్టుగూళ్లు అల్లుకొంటాయి. ఆల్డ్రొవాండి చూసిన 'గుడ్లు' ఈ గూళ్లే. ఈ కందిరీగ నేటి పేరు కొటీషియా గ్లొమెరాటా.

ఈ జ్ఞానం కొత్త ప్రశ్నలు తెచ్చింది. దయగల దేవుడు ఇటువంటి కందిరీగలను కావాలని సృష్టించాడని తాను నమ్మలేనని డార్విన్ 1860లో ఆసా గ్రేకు రాశాడు. పరాన్నజీవి సాధారణంగా ఆతిథేయిని చంపదు, ఇవి తప్పక చంపుతాయి. ఈ తేడాను చూపడానికి 1913లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త రాయిటర్ 'పారాసిటాయిడ్' అనే పదాన్ని ప్రవేశపెట్టాడు.

అంతకుముందే, 1883లో, అమెరికా వ్యవసాయ శాఖ క్యాబేజీ పురుగును అదుపు చేయడానికి ఇదే కందిరీగను ఇంగ్లండు నుంచి తెప్పించింది. మన చెరకు, వరి పొలాల్లో కట్టే ట్రైకోకార్డులలో ఉండేది వేరే కందిరీగ. అది పురుగుల గుడ్లలోనే గుడ్లు పెడుతుంది. అయినా వాడకం వెనుక ఉన్న సూత్రం ఒక్కటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఆల్డ్రొవాండి, గూడార్ట్ ఇద్దరూ జాగ్రత్తగానే పరిశీలించారు. అయినా వారి నిర్ణయాలు ఎందుకు తప్పాయి?