కొండ పంట – బడి వంట
(మన్యములో సహకార వ్యాపార చరిత్ర)

సాలూరు నుండి కోరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు మన పాచిపెంట మండలము మీదుగా పోవుచున్నది. ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు ఈ దారిన పైకి ఎక్కినవి. చింతపండు, పసుపు, చోళ్లు, సామలు, కందులు, అడ్డాకులు క్రిందికి దిగినవి. ఈ రాకపోకలలో లాభము ఎవరికి చేరినది? మన్యపు సహకార చరిత్ర అంతయు ఈ ప్రశ్న చుట్టూ తిరుగుచున్నది.

పూర్వము ధర, కొలత, అప్పు లెక్క మూడును సాహుకారు చేతిలోనే ఉండెడివి. వానకాలములో ఇంట గింజ నిండుకొన్నప్పుడు గిరిజనుడు అప్పు తెచ్చుకొనెడివాడు. కోతకు రాకముందే పంట ఆ అప్పు క్రిందకు పోయెడిది. పొలములు సైతము చేజారుచుండగా మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూ బదలాయింపు చట్టము చేసినది. అది వడ్డీకి హద్దు పెట్టినది గాని, సంతలో కొలిచే కుంచమును సరిచేయలేకపోయినది.

అంతకు ముందే జర్మనీ దేశములో ఇట్టి కష్టమునకు ఒక మార్గము దొరికియుండెను. 1846–47 కరువులో రైఫైజెన్ అను గ్రామాధికారి, పేదలకు అరువుమీద రొట్టె అందించుటకు ఒక సంఘము పెట్టెను. తరువాత అది రైతుల పరపతి సంఘములకు దారితీసెను. మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ ఆ సంఘములను పరిశీలించి 1895లోను, 1897లోను నివేదికలు సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. అయినను దాని మేలు కొండలకు చేరుటకు అర్ధ శతాబ్దము పట్టినది.

1956లో విశాఖపట్నము కేంద్రముగా, ఈనాడు మనము గిరిజన సహకార సంస్థ అని పిలుచుచున్న సంస్థ ఏర్పడెను. గిరిజనుని సరుకును సరియైన తూకముతో కొనుట, అతనికి కావలసిన బియ్యము, ఉప్పు, నూనె డి.ఆర్. డిపోల ద్వారా అమ్ముట దాని పని. అయితే ఆ రెండు చేతులు అన్ని గూడెములను అందుకొనలేదు. 1960ల చివర పార్వతీపురము ఏజెన్సీలో రగిలిన గిరిజన పోరాటమే అందుకు సాక్ష్యము. పిమ్మట 1970లో భూ బదలాయింపు నిబంధన కఠినమైనది. 1979 నిబంధన చిల్లర అటవీ ఫలసాయము కొనుగోలు హక్కును ఈ సంస్థకే ఇచ్చినది.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఆశ్రమ పాఠశాలలకు, వసతి గృహములకు పప్పులు, నూనె, సబ్బులు మొదలగు సరకులు సరఫరా చేసినదియు ఈ సంస్థయే. అనగా కొనువాడు, అమ్మువాడు, బడి వంటశాల, మూడును ఒకే గొడుగు క్రింద ఉన్నవి. అయినను కొండమీద తల్లి పండించిన చోళ్లు సంతకు పోవుట, ఆమె బిడ్డ హాస్టలులో దిగువనుండి వచ్చిన సరుకు తినుట మనము ఎరిగినదే.

కారణము లేకపోలేదు. వంటశాలకు ఏడాది పొడుగునా ఒకే నాణ్యముగల సరుకు కావలెను. రైతు వద్ద ఉన్నది రెండు బస్తాలు. బిల్లు సొమ్ము వచ్చుటకు నెలలు పట్టును. రైతుకు సంతనాడే రొక్కము కావలెను. ఈ రెంటి మధ్య వంతెన సంఘము మాత్రమే వేయగలదు. బస్తాలు కూడబెట్టి, బాగుచేసి, నిలువచేసి, రైతుకు ముందుగా సొమ్ము చెల్లించుట సంఘపు పని.

బ్రెజిల్ దేశము 2009లో ఒక చట్టము చేసి, పాఠశాల భోజనములకు కేంద్రమిచ్చు సొమ్ములో కనీసము 30 శాతము కుటుంబ వ్యవసాయదారుల పంట కొనుటకే ఖర్చు చేయవలెనని విధించినది. మన రాష్ట్రములో 2023 మార్చిలో పాఠశాల పిల్లలకు వారమునకు మూడు రోజులు రాగిజావ ఇచ్చుట మొదలైనది. ఆ రాగులే మన చోళ్లు! 2025 మార్చిలో గిరిజన సహకార సంస్థ అరకు కాఫీని పార్లమెంటు ఆవరణలోనే అమ్మకమునకు పెట్టినది. కాఫీ ఢిల్లీ వరకు పోగలిగినప్పుడు, చోళ్లు ప్రక్క ఊరి బడికి పోలేవా?

చట్టము దారి చూపును, సంస్థ తలుపు తీయును. లోనికి నడువవలసినవారు రైతులే. మన సంఘములలో సేద్యము చేయు కుటుంబములు అనేకమున్నవి. దొంగత్రాసు అన్యాయమని మన ప్రసంగ వేదికలనుండి తరచు వినుచున్నాము. న్యాయమైన త్రాసును మనమే పట్టుకొని, మన గింజను మన పిల్లల కంచమునకు చేర్చు నాడు ఆ మాట నెరవేరినట్లగును.