పాత కేసు, కొత్త పని: స్టువర్టుపురం నుంచి సన్నీవేల్ దాకా

పనికి దరఖాస్తు పెట్టేటప్పుడు చాలామందికి చెయ్యి ఆగిపోయేది ఒక్కచోటే. "మీకెప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా?" అనే ప్రశ్న దగ్గర. అవునంటే పని పోతుందని భయం, కాదంటే రేపు బయటపడుతుందని భయం. సన్నీవేల్‌లో ఇప్పుడు చాలా కంపెనీలు ఆ ప్రశ్నను దరఖాస్తులో అడగకూడదు. ఎందుకు అడగకూడదో అర్థం కావాలంటే మన తెలుగునాట జరిగిన కథ ఒకటి గుర్తుచేసుకోవాలి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసింది. కొన్ని జాతులవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం లెక్క. మన ఎరుకలవాళ్ళు ఆ జాబితాలో పడ్డారు. రిజిస్టరులో పేరు, వేలిముద్ర, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. దొంగతనం చేసినవాడికీ చేయనివాడికీ తేడా లేదు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో వాళ్ళకోసం ఒక సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరుమీద అది స్టువర్టుపురం అయింది.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని ముద్ర పోలేదు. జాషువా గారి కూతురు హేమలతా లవణం 1970లలో అక్కడ సంస్కరణ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. 1991లో కూడా ఆ ఊరి పేరుతో దొంగల సినిమాలు వచ్చాయి. అలాంటి చోట పుట్టిన కుర్రాడు పనికోసం వెళితే వేరే కేసు ఫైలు అక్కర్లేదు, ఊరి పేరే ఫైలు.

అమెరికాలో ముద్ర పుట్టుకతో కాదు, కోర్టు తీర్పుతో పడుతుంది. కంప్యూటర్లు వచ్చాక పాత తీర్పులను వెతికి అమ్మే కంపెనీలు పెరిగాయి. ఎప్పుడో చేసిన తప్పుకు శిక్ష అనుభవించి వచ్చినవాడి కాగితాన్ని కూడా మనిషిని చూడకుండానే పక్కన పడేసేవారు. 1998లో హవాయి రాష్ట్రం మొదటిసారి ఈ ప్రశ్నను వెనక్కి నెట్టింది. 2000ల తొలినాళ్ళలో జైలు నుంచి వచ్చినవాళ్ళే "ఆల్ ఆఫ్ అస్ ఆర్ నన్" అనే సంఘం పెట్టి, దరఖాస్తులోంచి ఆ గడి తీసెయ్యాలని పోరాడారు. 2018 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా అంతటా చట్టం వచ్చింది.

అందులో ఏముంది? ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, ముందు పని ఇస్తామని చెప్పాలి, ఆ తర్వాతే పాత శిక్ష సంగతి అడగాలి. తప్పు ఎంత పెద్దది, ఎన్నాళ్ళయింది, ఈ పనికి దానికి సంబంధమేమిటి అని చూడాలి. పని ఇవ్వమంటే ముందుగా రాతపూర్వకంగా చెప్పి, రిపోర్టు కాపీ చూపి, జవాబు చెప్పుకోవడానికి కనీసం ఐదు పనిదినాలు ఇవ్వాలి. శిక్ష దాకా పోని అరెస్టును మామూలుగా లెక్కలోకి తీసుకోకూడదు. కొన్ని రకాల పనులకు మినహాయింపు ఉంది. అన్యాయం జరిగితే రాష్ట్ర సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇది పని ఇచ్చేవారికి పెట్టిన చట్టం. వీసా, గ్రీన్‌కార్డు కాగితాల్లో అరెస్టుల సంగతి కూడా అడుగుతారు, అక్కడ దాస్తే అసలుకే మోసం. లాయరును అడిగి రాయండి.

స్టువర్టుపురంలో ముందు రిజిస్టరు చూశారు, మనిషిని చూడనేలేదు. ఈ చట్టం ముందు మనిషిని చూడమంటుంది. అంత చిన్న మార్పు కోసం ఎంతమంది ఎన్నేళ్ళు తిరిగారో తెలిస్తే, ఆ ఐదు రోజుల గడువును ఎవరూ ఊరికే పోనివ్వరు. మన క్యాంపులో ఎవరికైనా అలాంటి ఉత్తరం వస్తే సిగ్గుపడి చించెయ్యవద్దని చెప్పండి. జవాబు రాయమనండి.