సముద్రం అవతల ఉన్న అమ్మకి హక్కుందా?

మన గ్రూపుల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లైనా ఆ మెసేజ్ వస్తుంది. చదువుకోవడానికి వచ్చిన పిల్లో పిల్లాడో రోడ్డు మీద పోయారని. గంట తిరక్కుండా విరాళాల లింకు వస్తుంది. నాలుగు రోజుల్లో డబ్బు జమవుతుంది, శవపేటిక విమానం ఎక్కుతుంది, గ్రూపులో మళ్లీ ఆవకాయ ఆర్డర్లు మొదలవుతాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు, నేనూ అందులో ఉన్నదాన్నే. కానీ ఒక్క మాట మాత్రం ఎవరం అడగం. తప్పు అవతలివాళ్లదైతే, ఊళ్లో ఉన్న ఆ అమ్మానాన్నలకి ఇక్కడి కోర్టులో ఏమైనా హక్కుందా?

చావు మీద కేసేమిటి, బిడ్డని అమ్ముకున్నట్టు కాదూ అంటారు మీలో కొందరు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఇక్కడ దీన్ని రాంగ్‌ఫుల్ డెత్ దావా అంటారు. దాని కథ చదివాక నా అభిప్రాయం మారింది.

1808లో ఇంగ్లండులో ఒక గుర్రబ్బండి తిరగబడి, భార్య నెల రోజులకి చనిపోయింది. భర్త కోర్టుకెళ్లాడు. ఆయన దెబ్బలకి, ఆమె బతికున్న ఆ నెలపాటు పడ్డ బాధకి కలిపి 100 పౌండ్లు ఇచ్చారు. ఆమె పోయాక ఆయనకి మిగిలిన లోటుకి మాత్రం ఏమీ లేదన్నారు. మనిషి చావు సివిల్ కోర్టులో ఫిర్యాదు చేసుకునే నష్టం కాదని జడ్జి తీర్పు. అంటే కాలు విరగ్గొడితే పరిహారం కట్టాలి, ప్రాణం తీస్తే అక్కర్లేదు! రైళ్లొచ్చి ప్రమాదాలు పెరిగాక, 1846లో గానీ అక్కడ చట్టం మారలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్ అలాంటిదే చేసింది, 1855లో మన దేశానికీ ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ వచ్చింది.

అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విడిగా చట్టం చేసుకుంది. మనలాంటివాళ్లకి చిక్కు అక్కడే వచ్చింది. పెన్సిల్వేనియాలో రైల్వే నిర్లక్ష్యం వల్ల భర్త పోయాడని ఇటలీలో ఉన్న ఒక భార్య దావా వేసింది. ఆ రాష్ట్ర చట్టం పరదేశంలో ఉన్న బంధువులకి వర్తించదన్నారు. 1909లో సుప్రీం కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. వాషింగ్టన్ రాష్ట్రం అదే ఏడాది చట్టంలోనే రాసుకుంది: పెళ్లీ పిల్లలూ లేనివాళ్లు చనిపోతే, తల్లిదండ్రులు ఆ బిడ్డ సంపాదన మీద ఆధారపడి ఉండాలి, పైగా అమెరికాలో నివసిస్తూ ఉండాలి. గనుల్లో, రైలు పనుల్లో ఉన్న వలస కూలీల తల్లులు ఎక్కడుంటారో వేరే చెప్పాలా?

ఆ నిబంధన 110 ఏళ్లు నిలిచింది. 2015 సెప్టెంబర్ 24న సియాటిల్‌లోని అరోరా బ్రిడ్జి మీద ఒక టూరిస్టు బండి, కాలేజీ విద్యార్థుల బస్సుని గుద్దింది. ఐదుగురు విదేశీ విద్యార్థులు పోయారు. వాళ్ల తల్లిదండ్రులకి ఈ పాత నిబంధన అడ్డొచ్చింది. దానిమీద ఆందోళన జరిగి, చివరికి 2019లో దాన్ని తీసేశారు.

ఇది మనకెందుకంటారా? 2023 జనవరి 23న అదే సియాటిల్‌లో జాహ్నవి కందుల రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. ఆదోని అమ్మాయి, 23 ఏళ్లు, మాస్టర్స్ చదువుతోంది. 25 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల దాకా వెళ్లింది. ఇంకో పోలీసు అధికారి నవ్వుతూ, 11,000 డాలర్ల చెక్కు రాసిచ్చేస్తే సరిపోతుందన్నట్టు, ఆ అమ్మాయి విలువ పరిమితమే అన్నట్టు మాట్లాడటం అతని కెమెరాలోనే రికార్డయింది. కారు నడిపినతని మీద క్రిమినల్ కేసు పెట్టబోమని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ ఆఫీసు తేల్చేసింది. మిగిలిన దారి సివిల్ దావా ఒక్కటే. 2024 సెప్టెంబర్‌లో కుటుంబం తరఫున 11 కోట్ల డాలర్లకి దావా పడింది. ఆ 11,000 కూడా లెక్కలో కలిపి అడిగారు. నన్నడిగితే ఆ కాగితంలో అన్నిటికన్నా గట్టి అంకె అదే. 2026లో నగరం 2 కోట్ల 90 లక్షల డాలర్లకి ఒప్పుకుంది. ఆ చట్టం మారకపోయి ఉంటే, ఆదోనిలో ఉన్న తల్లికి పాత నిబంధన ఎదురయ్యేది.

ఇక మన క్యారీ సంగతి. నార్త్ కరోలినాలో దావా వేసేది అమ్మో భార్యో నేరుగా కాదు, చనిపోయినవారి ఆస్తి వ్యవహారాలకి కోర్టు నియమించిన ప్రతినిధి. క్యారీలో చాలా భాగం వేక్ కౌంటీ కాబట్టి, ఆ నియామకం ర్యాలీలో క్లర్క్ ఆఫ్ సుపీరియర్ కోర్ట్ ఆఫీసులో జరుగుతుంది. గడువు చనిపోయిన రోజు నుంచి రెండేళ్లే. దెబ్బలు తగిలి బతికినవాళ్లకి మూడేళ్లుంది, పోయినవాళ్లకి రెండు! అస్థికలు కలిపి, సంవత్సరీకం పెట్టి, కాస్త తేరుకునేసరికే అందులో సగం అయిపోతుంది.

వచ్చిన డబ్బు వీలునామా ప్రకారం పోదు. వారసత్వ చట్టం ప్రకారం పంచుతారు. పెళ్లికాని బిడ్డైతే తల్లిదండ్రులకి. పెళ్లయి పిల్లల్లేకపోతే భార్యకి పెద్ద వాటా, మొత్తం ఎక్కువైతే అతని తల్లిదండ్రులకీ కొంత. అత్తాకోడళ్లు ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. 1969 నుంచి ఇక్కడ జీతం లెక్కే కాదు, మనిషి తోడు, ఓదార్పు, సలహా పోయిన లోటుకీ పరిహారం అడగొచ్చు.

ఒక్క పెద్ద ముల్లుంది. చనిపోయినవారి తప్పు పిసరంత ఉందని తేలినా మామూలుగా మొత్తం కేసే పోతుంది. ఈ రూలు ఇంకా ఉన్న రాష్ట్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మనది వాటిలో ఒకటి. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ చేసి "పాపం, ఏం జరిగిందమ్మా?" అని మెత్తగా అడిగినప్పుడు, దుఃఖంలో "వాడు కాస్త తొందరమనిషండీ" అని ఎవరమైనా అనేస్తాం. అది కూడా రికార్డవుతుంది. లాయర్ని కలిసేదాకా ఆ ఫోన్ ఎత్తకండి. ఈసారి విరాళాల లింకు పెట్టేవాళ్లు, కింద రెండేళ్ల గడువు తేదీ కూడా రాయండి.